గుండు కాడి కొర్ర

ఇరవై ఎనిమిదేళ్లుగా ఓబుళేశు పొలాలు కొలుస్తున్నాడు గానీ ఒక్క పొలాన్నీ తిన్నగా చూసిన పాపాన పోలేదు. చూపంతా తాడు లోపలే. కోసిగి మండలంలో ఏ ఊరికి పోయినా అతన్ని తాడు సారు అనే అంటారు. సంచిలో ఇరవై మీటర్ల నైలాన్ తాడు, నాలుగు ఇనుప మేకులు, ఒక సుత్తి, ఒక వేలాడే కాటా. పొలంలో ఒకచోట అయిదు మీటర్లకు అయిదు మీటర్లు తాడు కట్టి, అందులో పంట కోయించి, ఎండబెట్టి, నూర్పించి తూకం వేస్తాడు. ఆ తూకాన్ని నూట అరవై రెండుతో గుణిస్తే ఎకరా దిగుబడి. ఆ అంకె కర్నూలుకు పోతుంది, అక్కణ్నుంచి అమరావతికి, అక్కణ్నుంచి ఢిల్లీకి. దేశంలో ఎంత పండింది, ఎందరికి సరిపోతుంది అని పెద్దలు మాట్లాడే మాటలన్నీ ఇట్లాంటి తాళ్ల లోపల పుట్టినవే. ఈ సంగతి తలుచుకుంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓబుళేశుకు ఒళ్లు పులకరించేది. ఇప్పుడు మధ్యాహ్నం భోజనం ఎవరింట్లోనో తలుచుకుంటాడు.

ఆ సోమవారం ఎర్రగట్టు ఊరి వంతు. ఫోను చూపించిన సర్వే నంబరు నరసింహారెడ్డిది. సేద్యం చేసేది మాత్రం సుంకమ్మ. నాలుగెకరాల ఎర్రనేల, కోరుకు తీసుకుంది. పండినదాంట్లో సగం ఆయనకు, సగం ఆమెకు. వాన ముఖం చూసి ముప్పై నాలుగు రోజులైంది. ఓబుళేశు బండి దిగేసరికి గట్టు మీద ముగ్గురు ఎదురుచూస్తున్నారు. సుంకమ్మ కొంగు బిగించి నడుముకు కొడవలి దోపుకుని ఉంది. ఆమె మొగుడు ఉరుకుందు తలకు తువ్వాలు చుట్టుకుని కింద కూర్చున్నాడు. నరసింహారెడ్డి తన మోటారు సైకిలుకు ఆనుకుని తెల్లచొక్కా మీది ఎర్రదుమ్ము దులుపుకుంటున్నాడు.

“రాండి సారూ, రాండి. మీ తాడు మీద ఒక పందెమే నడుస్తాండాది మా ఊర్లో,” అన్నాడు నరసింహారెడ్డి.

“నా తాడు మీద పందెమేందప్పా?”

“పందెం కాదులే, మాట. పత్తి విత్తనాలు చేసేవాళ్లు ఈ చేను గుత్తకు అడుగుతాండారు. ఈయమ్మేమో ఇడిచేది లేదంటాది. రచ్చకట్ట కాడ నలుగురిలో అనుకున్నాం. సర్కారు తూకంలో ఎకరాకు నాలుగు క్వింటాళ్ల కొర్ర తేలితే చేను ఈయమ్మకే. తేలకుంటే పత్తికి. రేపు నేను అన్యాయం చేసినానని ఎవరూ అనకూడదు గదా సారూ.”

సుంకమ్మ తలూపింది. “అవును సారూ, నేనే ఒప్పుకున్న్యా. పోయిన రెండేండ్లూ అయిదుకు తగ్గలేదు.”

ఆమె గొంతులో బెదురు లేదు. ఉరుకుందు మాత్రం నేల మీద పుల్లతో గీతలు గీస్తూ, “తేలకుంటే సుగ్గికి పోతాం, అంతే గదా. గుంటూరు మిరప చేలు యాడికీ పోలేదు,” అన్నాడు.

సుగ్గి అంటే మూటాముల్లె కట్టుకుని, ఇంటికి తాళం వేసి, నాలుగు నెలలు పరాయి జిల్లాల్లో కూలికి పోవడం. పట్టల డేరాల్లో కాపురం, లారీల్లో ప్రయాణం. కోసిగి మండలంలో ఆ మాట తెలియని ఇల్లు లేదు. ఈ చేను చేతికొచ్చినప్పటి నుంచి, ఆరేళ్లుగా సుంకమ్మ ఆ లారీ ఎక్కలేదు.

ఓబుళేశు ఫోను తీశాడు. చేనులో తాడు ఎక్కడ పడాలో మనిషి నిర్ణయించకూడదు. అందుకే ఫోనే రెండు అంకెలు పడేస్తుంది. నైరుతి మూల నుంచి పొడవుకు అరవై మూడు అడుగులు, వెడల్పుకు నలభై ఒకటి. అడుగులు లెక్కపెట్టేటప్పుడు ఓబుళేశు ఎవరితోనూ మాట్లాడడు, పెదాలు మాత్రం కదులుతుంటాయి. నాలుగు అడుగులకొకసారి ఏదో తీగ బూటుకు చుట్టుకుంటోంది. కొర్ర సాళ్ల మధ్య కంది, కంది పక్కన నువ్వు, నువ్వు కింద పాకిన అలసంద. “ఇది చేనా, సంతా?” అని విసుక్కుంటే లెక్క తప్పింది. వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాడు.

అరవై మూడు, నలభై ఒకటి. ఎదురుగా ఎనుము పడుకున్నంత పెద్ద నల్లరాతి గుండు. దాని పక్కనే మొదటి మేకు దిగాలి.

“ఆడనే పడిందా సారూ?” అంది వెనకనుంచి సుంకమ్మ. ఈసారి ఆమె గొంతు మారింది.

“ఏం?”

“అది పిట్టలది.”

నరసింహారెడ్డి పకపకా నవ్వాడు. “పిట్టలకు పట్టా ఎప్పుడు రాయిచ్చినావు సుంకమ్మా?”

ఆమె నవ్వలేదు. “గుండు చుట్టూ ఇరవై అడుగులు వాటికని ఇడిచినా సారూ. చూడండి, కంకులు ఎట్లుండాయో. ఈడ కడుపు నిండితే తక్కిన చేన్లో గింజ జోలికి శానా పోవు. పోయినా పురుగు కోసమే పోతాయి.”

ఓబుళేశు ఒక కంకి పట్టుకుని వేళ్లతో నలిపాడు. అరచేతిలో పొట్టు, నాలుగు గింజలు. చుట్టూ చూశాడు. ఇరవై అడుగుల అవతల కొర్ర బరువుకు తల వంచి నిలబడి ఉంది. తాడును ఆ ఇరవై అడుగులు జరిపితే అడిగే నాథుడు లేడు. రెండేళ్ల కింద ఒక పెద్దాయన శెనిక్కాయ చేనులో తాడు ఎక్కడ పడాలో ఆయనే వేలితో చూపించాడు, ఓబుళేశు అడుగులు ఆ వేలి వెంటే నడిచాయి. అప్పుడు ఆయన ఇంట్లో కోడికూర కూడా తిన్నాడు. ఇప్పుడు పక్కన నరసింహారెడ్డి నిలబడి ఉన్నాడు. అందుకో మరెందుకో గాని నోట్లోంచి నిబంధనే వచ్చింది.

“పడిన చోట పడినట్టే వేయాలమ్మా. రూలు.”

అని నేల మీద కూర్చుని మేకు దించాడు. బీదవాళ్ల చేనులోనే రూళ్లన్నీ బాగా గుర్తొస్తాయి తనకు అని అనిపించింది, ఆ ఆలోచన నచ్చక సుత్తి గట్టిగా కొట్టాడు. మేకు ఒక్క దెబ్బకే దిగిపోయింది. అది కూడా అతను గమనించలేదు.

నాలుగు మూలలా తాడు బిగించి, మూల నుంచి మూలకు ఏడు మీటర్ల ఏడు సెంటీమీటర్లు సరిచూసుకున్నాక, “కొర్ర ఒక్కటే కొయ్యండి. తక్కినవన్నీ పీకి అవతల పారేయండి. లెక్కకు రావు,” అన్నాడు. ఫోనులో పంట పేరుకు ఒక్కటే గడి. అందులో కొర్ర అని ఎప్పుడో పడిపోయింది.

ఉరుకుందు అలసంద తీగ పట్టుకుని లాగాడు. ఎండిన కాయలతో సహా తీగ తాడు అవతల పడింది. దాని మీద పెసర, దాని మీద నువ్వు కట్టె. సుంకమ్మ కొర్ర కోస్తూనే మధ్యలో లేచి పడినవన్నీ ఒక్కొక్కటే ఏరి ఒళ్లో వేసుకుంటోంది. పిల్ల పారేసిన అన్నం ముద్దను తల్లి ఏరుకున్నట్టు, మొహంలో కోపం లేకుండా. ఉరుకుందు చెయ్యి కంది మొక్క మీద పడేసరికి మాత్రం గట్టిగా అరిచింది.

“కంది జోలికి పోవద్దు! దానికింకా నాలుగు నెల్లుండాది.”

ఓబుళేశు సరేనన్నాడు. కోసిన కొర్రను గోతంలో వేయించి, మూతి కట్టి, లక్కసీలు కొట్టాడు. అది ఎండడానికి నరసింహారెడ్డి మిద్దె మీద ఉంటుంది. గురువారం కళ్లంలో నూర్చి తూకం వేయాలి.

*

మధ్యాహ్నం భోజనం నరసింహారెడ్డి ఇంట్లో. సన్నబియ్యం అన్నం, పప్పు, గోంగూర, నెయ్యి. వడ్డిస్తున్నది నరసింహారెడ్డి తల్లి రామలక్ష్మమ్మ. డెబ్బై దాటిన మనిషి, నడుం వంగింది గాని చెయ్యి వణకదు. అందరికీ వడ్డించాక ఆమె తన పళ్లెంలో వేరేగా కొర్రన్నం పెట్టుకుంది.

“మీకూ కొర్రన్నమేనా అమ్మా?” అన్నాడు ఓబుళేశు.

“చక్కెర జబ్బు నాయనా. డాక్టరు ఇదే తినమన్యాడు. ఆదోని అంగడి నుంచి తెస్తాడు వీడు, పొట్లాల్లో.”

కిటికీలోంచి నరసింహారెడ్డి పన్నెండెకరాల పత్తి కనిపిస్తోంది. ఆకులు వాడి వేలాడుతున్నాయి. ఇద్దరు మనుషులు మూతికి గుడ్డలు కట్టుకుని మందు కొడుతున్నారు. ఈ కారుకు ఇది అయిదోసారి అన్నాడు నరసింహారెడ్డి, అన్నం కలుపుతూ. మందు వాసన వంటింటి దాకా వస్తోంది. దొడ్లో ఎనుములు ఖాళీ గాడి ముందు నిలబడి ఉన్నాయి.

“తాడు యాడ పడింది నాయనా?” అని అడిగింది రామలక్ష్మమ్మ.

“గుండు కాడమ్మా.”

ఆమె చేతిలో ముద్ద ఆగింది. “గుండు కాడనా? ఆడ తాడేస్తారా ఎవురైనా?”

“రూలు మా, రూలు. నీకు తెలీదులే,” అన్నాడు కొడుకు. అంతలో అతని ఫోను మోగింది. పత్తి విత్తనాల వాళ్లే. రామలక్ష్మమ్మ ముద్ద మళ్లీ పళ్లెంలో పెట్టి చెయ్యి కడుక్కుంది.

*

బుధవారం పొద్దున్నే వేరే ఊరికి పోవడానికి సంచి సర్దుకుంటే మేకులు మూడే ఉన్నాయి. నాలుగోది గుండు కాడ మరిచిపోయాడు. తన ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో సామాను మరిచిపోవడం అదే మొదటిసారి. దారిలోదే గదా అని ఎర్రగట్టు వైపు బండి తిప్పాడు. అతను గట్టు ఎక్కేసరికి తూర్పున అప్పుడే ఎరుపు పాకుతోంది.

ముందు శబ్దం వినిపించింది. తిరనాళ్లలో జనం ఒక్కసారి మాట్లాడుతున్నట్టు ఒకటే గోల. గుండు కనపడలేదు. గుండు మీద, చుట్టుపక్కల సజ్జ కంకుల మీద, ప్రతి కొర్ర కంకి మీద పిట్టలు. పిచ్చుకలు, గిజిగాళ్లు, గోరింకలు, పేరు తెలియనివి ఎన్నో. ఓబుళేశు వృత్తి కొద్దీ లెక్క మొదలుపెట్టాడు. ముప్పై దాకా వచ్చేసరికి ఒక గుంపు లేచి ఇంకోచోట వాలింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ లేచింది. మూడోసారి లెక్క మానేసి అట్లాగే నిలబడిపోయాడు.

కాసేపటికి కడుపు నిండిన పిట్టలు ఒక్కొక్కటీ చేనులోకి పోవడం మొదలుపెట్టాయి. అవి కొర్ర మీద వాలలేదు. కంది కొమ్మల మీద వాలుతున్నాయి. అతనికి నాలుగు అడుగుల దూరంలో ఒక గోరింక కంది ఆకు చుట్టను ముక్కుతో విప్పి, లోపలి పచ్చపురుగును లాగి, తల ఒకసారి విదిలించి మింగింది. పక్క కొమ్మకు పోయింది. అక్కడా ఒక ఆకు విప్పింది. ఓ పాలపిట్ట సాలు మీదుగా నేలను ఒరుసుకుంటూ పోయి మిడతతో లేచింది. చేనంతా ఇదే పని. కూలికి పిలవకుండా వచ్చిన ఇన్ని వందల మంది, ఎవరి సాలు వాళ్లది అన్నట్టు చేసుకుపోతున్నారు. అవతల నరసింహారెడ్డి పత్తి మీద ఒక్క రెక్క ఆడటం లేదు. ఇదంతా ప్రతి పొద్దునా జరుగుతూనే ఉందా, ఇన్నేళ్లూ తాను వచ్చింది దీని మధ్యకేనా అనుకున్నాడు ఓబుళేశు.

మేకు దొరికింది. పైకి లాగితే దాని మొనకు మట్టి అంటుకుని వచ్చింది. ముప్పై ఆరు రోజులుగా వాన లేని నేలలో మట్టి ఇనుముకు అంటుకోవడమేమిటి? మోకాళ్ల మీద కూర్చుని అలసంద తీగ కింద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. రాలిన ఆకులు జరిపి వేళ్లు దించాడు. పిడికెడు మట్టి తీసి పిసికితే ముద్దయింది. ముద్దలోంచి వాన పడినప్పటి వాసన. లేచి గట్టు దాటి పత్తి చేనులోకి పోయి అదే మేకు గుచ్చాడు. దిగలేదు. సుత్తితో కొడితే నేల పెంకులా పగిలింది.

తిరిగి వచ్చేసరికి గుండు నీడలో సుంకమ్మ కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో. సద్దిమూట పక్కన పెట్టుకుని అతను చేసేదంతా చూస్తోంది.

“మేకు మరిచిపోతి,” అన్నాడు ఓబుళేశు. దొంగతనంలో పట్టుబడినట్టుంది అతనికి.

“నేను చూసినా సారూ. తీయలేదు. మీదే గదా, మీరే వస్తారని.”

తాడును ఇరవై అడుగులు జరపమని ఆమె మొన్న అడగలేదు. ఇప్పుడూ ఏమీ అడగడం లేదు. బతిమాలి ఉంటే అతనికి సులువుగా ఉండేది.

“ఎన్ని రకాలు వేసినావమ్మా ఇందులో?”

సుంకమ్మ వేళ్లు ముడిచింది. “కొర్ర, సజ్జ, జొన్న. కంది, అలసంద, పెసర, అనుము. నువ్వు, గోగు, ఆముదం. పిల్లోళ్లకని నాలుగు దోస గింజలు. పదకొండు. ఒగటి పోయినా ఒగటి నిలబడుతుంది సారూ. వానొస్తే ఒగటి తింటాం, రాకుంటే ఒగటి తింటాం. అన్నీ ఒగటే నాడు ఆకలి తీర్చాలంటే యెట్ల?”

ఓబుళేశు గుండుకు ఆనుకుని కూర్చున్నాడు. “పోయిన నెల కర్నూల్లో మాకు ట్రైనింగు పెట్టినారు. ప్రపంచంలో ఎనిమిది వందల కోట్ల మంది ఉండారంట. ఇంకా పెరుగుతారంట. నేల చెడిపోకుండా అందరికీ తిండి ఎట్లా పెట్టాలని మమ్మల్ని అడిగినారు.”

“ఆ ఎనిమిది వందల కోట్లలో మేముండామా సారూ?”

“ఉండారు.”

“మరి మా నోళ్లే లెక్కేస్తే యెట్ల? చేతులు గూడా లెక్కేయండి.” సద్దిమూట విప్పి, సజ్జరొట్టెలో సగం తుంచి అతని చేతిలో పెట్టింది. “తినండి. పొద్దున్నే వచ్చినట్టుండారు.”

రొట్టె మీద గోగాకు పచ్చడి, నువ్వుల పొడి. తింటున్నంతసేపూ ఓబుళేశు ఆ పదకొండింటినీ మనసులో తిరిగి తిరిగి లెక్కపెట్టుకున్నాడు. వీటిలో పదింటిని తన చేత్తో ఎన్ని చేలల్లో, ఎన్ని ఊళ్లలో తాడు అవతలికి పారేయించాడో లెక్క కట్టబోయాడు. అది తేలే లెక్క కాదని తెలిసి సిగ్గేసింది.

*

గురువారం ఓబుళేశుతో పాటు ఆ ముగ్గురూ కళ్లంలో చేరారు. సీలు విప్పి, సుంకమ్మ కొర్ర కంకుల్ని కట్టెతో నూర్చి, చేటతో చెరిగింది. పొట్టు గాలికి ఎగిరి దూరంగా పడింది. గింజలు పసుపు రాసులా చేటలో మిగిలాయి. చిన్న రాశి. ఓబుళేశు కాటాకు సంచి తగిలించి ముల్లు ఆగేదాకా చూశాడు.

ఒక కిలో నలభై గ్రాములు.

“ఎంతయినట్టు సారూ?” అన్నాడు నరసింహారెడ్డి.

“ఎకరాకు నూట అరవై ఎనిమిది కిలోలు.” దాన్నే ఫోనులో కొట్టాడు. అంకెలో ఒక్క గ్రాము పెంచలేదు. పెంచితే సుంకమ్మ తన మొహం చూడదని అతనికి ఎందుకో గట్టిగా అనిపించింది.

నాలుగు క్వింటాళ్లలో సగం కూడా లేదు. ఉరుకుందు లేచి, తలగుడ్డ విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకోకుండా భుజాన వేసుకున్నాడు. సుంకమ్మ చేటను బోర్లించి, వేళ్లతో తట్టి, అంటుకున్న నాలుగు గింజల్ని కూడా రాశిలో కలిపింది. “అంతే వచ్చిందంటే అంతే. మాట మాటే రెడ్డీ,” అంది.

నరసింహారెడ్డి గెలిచిన మనిషిలా లేడు. “నేను చేసిందేముండాది? సర్కారు తూకమే గదా,” అని గొణిగాడు.

ఓబుళేశు కాటా సంచిలో పెట్టలేదు. “సుంకమ్మా, ఆరోజు నేను పారేయమన్నవి ఏం చేసినావు?”

“ఎండబెట్టినా.”

“తీసుకురా.”

“అవి లెక్కకు రావంటిరే?”

“తీసుకురామ్మా.”

ఆమె పాతచీర మూట తెచ్చి పరిచింది. వేరువేరు కుప్పలు, దేని ముడి దానిదే. ఓబుళేశు ఒక్కొక్కటే తూచాడు. అలసందలు ఆరు వందల పది గ్రాములు. పెసలు రెండు వందల ఎనభై. సజ్జలు నూట యాభై. జొన్నలు నూట ఇరవై. నువ్వులు తొంభై. రెండు దోసకాయలు, ఒక కట్ట గోగాకు. తీగలూ చొప్పా కలిపి పదకొండు కిలోల మేత. రాసుకోవడానికి గడి లేదు గనుక ఫారం తిరగేసి వెనక ఖాళీలో పెన్సిలుతో రాశాడు. “కంది ఇరవై ఒక్క మొక్క, అనుము ఆరు, ఆముదం ఒకటి. ఇంకా నిలబడి ఉన్నాయి,” అని చివర రాసి తల ఎత్తాడు.

“రెడ్డీ, మా ఇంట్లో ముందర గది ఎంతో ఈ తాడు అంత. ఆ గదంత నేల మీద, వందల పిట్టలు తిన్నంక మిగిలింది ఇది. ఒక మనిషికి నాలుగైదు రోజుల తిండి, ఎనుముకు పూట మేత. ఇట్లాంటిది నేను యాడా చూడలేదు. చూడలేదంటే, యాడైనా ఉన్నా చూసేవాణ్ని కాదు.”

“ఎంతైనా మాట మాటే గదా సారూ. నలుగురిలో అనుకున్నాం,” అన్నాడు నరసింహారెడ్డి.

“ఆ నలుగురినీ పిలుచుకోనిరా పో.”

అందరూ వెనక్కి తిరిగారు. రామలక్ష్మమ్మ చేతికర్ర ఊనుకుని కళ్లం గట్టు ఎక్కుతోంది. ఊరి నుంచి అంతదూరం నడిచి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. సుంకమ్మ పరుగెత్తి చెయ్యి అందించింది.

“నువ్వెందుకొచ్చినావు మా, ఈ ఎండలో?”

“ఆ నలుగురినీ పిలిచి ఒగటి అడుగు. గుండు కాడిది ఎప్పుడైనా కోరులోకి వచ్చిందా అని.” ఆమె కర్ర కొడుకు వైపు తిప్పింది. “మీ నాయన కాలంలో రాలేదు. మీ తాత కాలంలో రాలేదు. ఆడ పండేది చేను గలోడిదీ గాదు, చేసేవాళ్లదీ గాదు. కోరు పంచేటప్పుడు గుండు కాడికి గంప పోనే పోదు. మా అత్త ఆ గుండు కాడ ఒగ కంకి తెంపినానని నాతో రెండునాళ్లు మాట్లాడలే. మనది గానిదాన్ని తూకమేసి, తక్కువొచ్చిందని ఆయమ్మని పొమ్మంటావా?”

నరసింహారెడ్డి చిన్నప్పుడు ఆ గుండు ఎక్కి ఆడుకున్నవాడే. కోరు పంచేనాడు గంపలు ఎందుకు గుండు దాకా పోవో ఎన్నడూ అడిగి ఉండడు. చొక్కా జేబులో ఫోను రెండుసార్లు మోగి ఊరుకుంది. తీయలేదు.

“అయితే చేన్లో ఇంకోచోట తాడేయండి సారూ,” అన్నాడు చివరికి.

“కుదరదప్పా. అంకె పంపేసినా. అది మారదు.”

“సర్కారుకు గాదు. నాకు.”

ఓబుళేశు సుంకమ్మ వైపు చూశాడు. ఆమె కళ్లం అంచున పడి ఉన్న రాయి తీసి నరసింహారెడ్డి చేతిలో పెట్టింది. “నువ్వే ఇసురు రెడ్డీ. వెనక్కి తిరిగి ఇసురు. యాడ పడితే ఆడ.”

అతను వెనక్కి తిరిగి భుజం మీదుగా విసిరాడు. రాయి చేను నడుమ కొర్రలో పడింది. అక్కడి నుంచి నాలుగు పిట్టలు లేచాయి.

అందరూ సాళ్ల వెంట నడిచారు. ఓబుళేశు అలవాటు కొద్దీ మేకు తీసి కూర్చోబోతే నరసింహారెడ్డి చెయ్యి చాచాడు. “ఇట్లియ్యండి, నేను కొడతా.” తెల్లపంచె ఎగ్గట్టి నేల మీద మోకాళ్లు ఆనించాడు. మేకు నిలబెట్టి, సుత్తి అందుకునే ముందు ఊరికే బొటనవేలితో నొక్కాడు. మేకు వేలికింద మెల్లగా, వెన్నలోకి దిగినట్టు, సగం దాకా దిగిపోయింది.

అతను దాన్ని బయటికి తీసి చూశాడు. మొనకు అంటిన మట్టిని వేళ్ల మధ్య రుద్దాడు. తర్వాత ఆకులు తొలగించి రెండు చేతులూ మట్టిలో పెట్టి అట్లాగే ఉండిపోయాడు. ఓబుళేశుకు ఆ చేతులు తెలుసు. నిన్న పొద్దున అవి తనవి.

“ఈడ వాన పడిందా?” అన్నాడు నరసింహారెడ్డి, తల ఎత్తకుండానే.

“అందరికీ పడిన వానే రెడ్డీ,” అంది సుంకమ్మ. “ఈడ ఉండిపోయింది.”

తాడు కట్టారు. సుంకమ్మ ఒక వైపు నుంచి, నరసింహారెడ్డి ఇంకో వైపు నుంచి కోస్తూ వచ్చారు. అతనికి కొడవలి వాటం తప్పి చాలా ఏళ్లయింది. కంకులు చేతినిండా బరువుగా వస్తున్నాయి. అలసంద తీగ అడ్డమొస్తే తొక్కకుండా పక్కకు జరిపి మరీ కోస్తున్నాడు. రామలక్ష్మమ్మ గట్టు మీద కూర్చుని ఒక కంకి నలిపి, గింజలు నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నములుతోంది. మూడు మోపులు గట్టు మీదికి చేరాయి. వాటి బరువు ఎవరి చేతులకు వాళ్లకు తెలిసింది. కాటా ఓబుళేశు సంచిలోనే ఉంది. ఎంతయిందో తూచమని నరసింహారెడ్డి అడగలేదు.

అతను లేచి నడుం పట్టుకుని చాలాసేపు తన పత్తి వైపు చూశాడు. అక్కడ మందు కొట్టే మనుషులు ఆరోసారికి డ్రమ్ములో నీళ్లు కలుపుతున్నారు. వాళ్లకు అవతల, పత్తి నడుమ, ఒక నల్లటి రాతి వీపు కనిపిస్తోంది.

“సుంకమ్మా, నా చేన్లో గూడా ఒగ గుండు ఉండాది.”

“తెలుసు రెడ్డీ,” అంది ఆమె, మోపుకు తాడు బిగిస్తూ. “చీకట్నే ఈడికొచ్చే పిట్టలు ముందు ఆడ వాలతాయి. కాసేపు కూర్చోని, ఏమన్నా ఉంటుందేమోనని చూసి చూసి, ఈడికొస్తాయి.”

జేబులో మళ్లీ మోగిన పత్తి విత్తనాల వాళ్ల ఫోనును నరసింహారెడ్డి కట్టేశాడు. చేతులకు అంటిన మట్టి దులుపుకోకుండానే, ఒక మోపు తన తలకెత్తమన్నట్టు ఉరుకుందు ముందు వంగి నిలబడ్డాడు.